దర్జీ తాత తలదెబ్బ

ఇలా దగ్గరికి జరగండి. దర్జీ తాత తలకి దెబ్బ తగిలిన సంగతి చెబుతాను, చెవులు ఇటు పెట్టండి.

మిషను కింద పడిన సూది కోసం వంగాడు తాత. దొరికిందన్న సంబరంలో పైన బల్ల ఉందన్న సంగతే మరిచి గబుక్కున లేచాడు. అంచు ఠపీమని నడినెత్తిన తగిలింది.

రక్తం లేదు. బొప్పి కూడా రేగుపండంతే.

"ఏం కాలేదమ్మాయ్, ఇంకా కాజాలు కుట్టాలి" అన్నాడు కోడలితో.

"కాజాలు ఎక్కడికీ పారిపోవు మావయ్యా, నడవండి."

రెక్క పట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చింది. బెంచీ మీద కూర్చోబెట్టి చీటీ రాయించడానికి వెళ్ళింది.

అక్కడ చూస్తే చాంతాడంత వరస. తాతకి విసుగొచ్చింది. కోడలు చూడకుండా జారుకుందామని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"ఎక్కడికి బాబాయ్?" అన్నాడు పక్కన కూర్చున్నవాడు. వయసులో ఉన్న మనిషే. చొక్కా నిండా గోడలకేసే రంగు మరకలు.

"ఇంటికి. తలకి బల్ల తగిలిందని మా కోడలు లాక్కొచ్చింది. చూడు, చుక్క రక్తం లేదు."

"వయసెంత?"

"డెబ్బై దాటింది. ఏం, సంబంధం చూస్తావా?"

"రక్తం పలచబడే మాత్రలేమైనా వేసుకుంటున్నావా?"

"గుండె జబ్బు వచ్చినప్పటి నుంచీ రోజూ. అయితే ఏంటట?"

అతను లేచి, గోడ పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్ళాడు.

వీడెవడో దళారీ అనుకున్నాడు తాత. ముక్కూమొహం తెలీనివాడికి ఊరికే ఇంత ప్రేమ పుట్టుకొస్తుందా?

ఆయన లేవబోయేలోపే నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది.

"ఎక్కండి తాతగారూ. మీకే ముందు స్కానింగు తీయమన్నారు."

కోడలు పరుగున వచ్చింది. తాత ఆమె చెవిలో, "ఇదంతా ఆ దళారీ పని. వాడికేమీ ఇస్తానని ఒప్పుకోకు" అన్నాడు.

స్కానింగులో తేలింది. పుర్రె లోపల సన్నగా రక్తం ఊరుతోంది.

"వేళకి వచ్చారు" అన్నాడు డాక్టరు. "వయసు మీద పడింది, పైగా ఆ మాత్రలు. ఇలాంటివాళ్ళకి పైన గీత పడకపోయినా లోపల ఊరుతుంది. ఇంటికెళ్ళి పడుకునుంటే చెయ్యి దాటిపోయేది."

మాత్రల జోరు తగ్గించే మందు ఎక్కించారు. ఊట ఆగింది. తలకి కోత పడకుండానే గండం గడిచింది.

ఇంటికి పంపే రోజున తాత నర్సుని అడిగాడు.

"అమ్మాయ్, ఆ దళారీ ఎక్కడుంటాడు? నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్తాను."

"దళారీ ఏంటి తాతగారూ? అతను నిచ్చెన మీంచి తలకిందులుగా పడి వచ్చాడు. డాక్టరు తనని అడిగిన ప్రశ్నలే మిమ్మల్నీ అడిగాడు."

తాత చెప్పుల్లో పెట్టిన కాలు వెనక్కి తీశాడు.

"ఎలా ఉన్నాడమ్మా?"

"బాగున్నాడు. మీ తరవాత తీస్తే ఏమీ లేదని తేలింది, వెళ్ళిపోయాడు. ఎక్కడివాడో మాకూ తెలీదు. ఆ రోజు స్కానింగుకి వెళ్ళాల్సిన వంతు మాత్రం అతనిదే, మీకు వదిలాడు."

విన్నారుగా. మీ ఇంట్లో ఏ ముసలి ప్రాణమైనా తల కొట్టుకుని "నాకేం కాలేదు" అంటే, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి, దారిలో ఈ కథ చెప్పండి.