కుర్చీకి వంకలు

“ఈ కుర్చీ కిర్రుమంటోందట,” అంది దుబాసీ అమ్మాయి.

విదేశం నుంచి వచ్చిన పెద్దమనిషి ఆ మడత కుర్చీలో కూర్చుని అటూ ఇటూ ఊగాడు. లేచి దాన్ని తలకిందులు చేసి చూశాడు. ఆయన కొంటానంటే అక్కాతమ్ముళ్ల కార్ఖానా నిలబడుతుంది. వద్దంటే నెలాఖరుకి షట్టరు దించెయ్యడమే. ఆ సంగతి తెలిసిన పనివాళ్లంతా రంపాలు ఆపి, చెవులు ఇటే పడేశారు.

“మడత దగ్గర బిగుసుకుపోతోందట. వార్నిషు కూడా పలచనట.”

తమ్ముడికి చిర్రెత్తుకొచ్చింది. “నచ్చకపోతే నేల మీద కూర్చోమను,” అని గొణిగాడు.

అక్క వాడి కాలు తొక్కింది. “నోర్ముయ్‌రా! వాళ్ల పద్ధతే అంత. అక్కడ సరుకు అమ్మి వచ్చినాయన్ని పట్టుకుని అన్నీ కనుక్కున్నా. కొనాలనుంటేనే వంకలు పెడతారు. అక్కర్లేదనుకుంటే తెగ పొగిడేసి, మర్యాదగా జారుకుంటారు.”

“ఇదెక్కడి చోద్యమే!”

“కాళ్లు పొట్టిగా ఉన్నాయట,” అంది దుబాసీ.

“అమ్మయ్య!” అంది అక్క. ఆవిడ మొహం చేటంత అయింది. ఆయన వంక పెట్టినప్పుడల్లా నోట్లో పంచదార పోసినట్టు నవ్వుతోంది. తమ్ముడేమో పళ్లు నూరుతున్నాడు.

చివరికి పెద్దమనిషి కుర్చీని కింద పెట్టి, చేతులు దులుపుకుని, పెద్దగా నవ్వాడు. గుక్క తిప్పుకోకుండా ఏదేదో మాట్లాడాడు.

“అద్భుతమైన కుర్చీ అట! మీ పనివాళ్ల చేతులు బంగారమట! ఇలాంటిది జన్మలో చూడలేదట!” అంది దుబాసీ.

తమ్ముడు ఎగిరి గంతేశాడు. అక్క మొహం మాడిపోయింది.

“గంతులెందుకురా? కొంప మునిగింది.” దిగమింగుకుందామనుకుంది కానీ ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చేసింది. పనివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

పెద్దమనిషి కంగారుపడ్డాడు. పెన్ను కోసం జేబులో పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. దుబాసీ చెవిలో గబగబా ఏదో అడిగాడు. ఆ అమ్మాయి ఫక్కున నవ్వేసింది.

“పొగడ్త సరిపోలేదా అంటున్నారమ్మా! పొగడకుండా సంతకం పెడితే మనవాళ్లు చిన్నబుచ్చుకుంటారని, బయల్దేరే ముందే కనుక్కుని వచ్చారట!”