పొగాకు డబ్బా మూత

"క్యాంపులో ఆడవాళ్ళకు మంచం లేదు. మా తాతల నాటి నియమం," అన్నాడు వేటగాడు ఆర్వో.

"ఏటా పొయ్యి గొట్టం శుభ్రం చేయాలన్నదీ మీ తాతల నాటి నియమమే. దాన్ని మరిచిపోయి, దీన్ని మాత్రం గుర్తు పెట్టుకున్నారేం?" అన్నది సైమీ.

మిగిలిన నలుగురూ మంచులో నిలబడి నవ్వు ఆపుకున్నారు. తెల్లవారితే మిషిగన్ అడవుల్లో జింకల వేట మొదలు. ఆ ఊరి బడిలో ముప్పైనాలుగేళ్ళు రేఖాగణితం చెప్పిన సైమీ, సంచీ రైఫిలూ పట్టుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చింది.

"మరి సౌనా, ఆవిరి స్నానాల గది మాటేమిటి?" ఆర్వో వదల్లేదు. "అందరికీ ఉన్నది ఒక్కటే."

"మీరు స్నానం చేస్తారని విని సంతోషించాను. ముందు నేను వెళ్తాను."

క్యాంపులో పెద్దవాడు ఉర్హో చెయ్యెత్తాడు. "ఆపండ్రా, కాఫీ చల్లారిపోతోంది. టీచరమ్మా, వంద గజాల నుంచి కాగితం మీదికి మూడు గుండ్లు పేల్చు. పడిన రంధ్రాలు మూడూ ఈ పొగాకు డబ్బా మూత కింద దాగితే పొయ్యి పక్క మంచం నీది. లేదంటే ఇంటికెళ్ళిపో. సరేనా?"

"సరే."

ఆమె తన తూటాలను బల్ల మీద వరుసగా నిలబెట్టింది. పాత థర్టీ-థర్టీ రైఫిల్ కోసం వేసవంతా కూర్చుని స్వయంగా తయారు చేసినవి అవి. సీసం కరిగించి గుండ్లు పోసింది. వాటికి తేనెమైనం కలిపిన కొవ్వు పూసింది. తుపాకి మందును నలుసు నలుసుగా తూచింది. ఒక విడతలో ఒక్కటే మార్చింది: మందు మార్చినప్పుడు తూటాలో గుండు దిగే లోతు ముట్టుకోలేదు, లోతు మార్చినప్పుడు మందు ముట్టుకోలేదు. నోటు పుస్తకంలో రాసుకున్న మందు-లోతుల పాళ్ళు నలభై కొట్టేసి, నలభై ఒకటో పాలు కింద రెండు గీతలు గీసింది.

"మందు అలా తూచడానికి నువ్వేమన్నా బంగారం అమ్ముతున్నావా?" అన్నాడు ఆర్వో.

"నువ్వు కాఫీలో చక్కెర వేసుకున్నట్టు చెంచాతో పోస్తావు. నాకది చేతకాదు."

"ఆ సీసం గుండ్లొకటి! పడ్డచోటల్లా కాగితానికి కాటుక పెట్టినట్టు మసి. నావి చూడు, రాగి తొడుగు. శుభ్రంగా దూరిపోతాయి."

"శుభ్రంగా తప్పిపోతాయి కూడా."

సైమీ కూర్చుని, ఊపిరి బిగబట్టి, తొందరపడకుండా మూడుసార్లు పేల్చింది. ఆర్వో దుర్భిణి ఎత్తి ఆమె కాగితం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని దించి తన రైఫిల్ అందుకున్నాడు.

"లే. నా రైఫిల్ కూడా సరిచూసుకోవాలి," అని పక్క బల్ల దగ్గర కూర్చుని అతడూ మూడు పేల్చాడు.

రైఫిళ్ళు ఖాళీ చేసి పెట్టాక ఉర్హో వెళ్ళి రెండు కాగితాలూ పట్టుకొచ్చాడు. సైమీ కాగితంలో మూడు రంధ్రాలు. పొగాకు డబ్బా మూత పెడితే మూడూ మాయమయ్యాయి. ఆర్వో కాగితంలో మాత్రం రెండే ఉన్నాయి.

"మూడోది ఎక్కడరా, ఆర్వో? చెంచాలోనే ఉండిపోయిందా?" అన్నాడు ఉర్హో. మిగతావాళ్ళు విరగబడి నవ్వారు.

"కాగితాల వెనక ఇసుకదిబ్బలోకి పోయుంటుంది," అని గొణిగి, అతడు ఆమె సంచీ అందుకుని లోపలికి నడిచాడు.

ఉర్హో సైమీ కాగితాన్ని క్యాంపు గోడకు మేకుతో కొట్టాడు. ఒకరు ఏలకుల రొట్టె కోశారు, ఒకరు ఆమె మంచం మీద దుప్పటి పరిచారు. సైమీ కాఫీ కప్పుతో గోడ దగ్గరికి వెళ్ళి కళ్ళద్దాలు పెట్టుకుంది. రెండు రంధ్రాల చుట్టూ జిడ్డు మసి ఉంది. మూడోదాని అంచు శుభ్రంగా ఉంది.

"ఆర్వో," అన్నది కప్పు కింద పెట్టి. "ఇది నీ రాగి గుండు."

గదిలో రొట్టె నమలడం ఆగిపోయింది. ఆర్వో చెవులు ఎర్రబడ్డాయి.

"దుర్భిణిలో రెండే కనిపించాయి. నీ మూడోది తప్పిపోయింది. అందుకే నా ఆఖరిది నీ కాగితంలో వేశాను. అయితే ఏంటిప్పుడు?"

"పొద్దున్నుంచీ నన్ను వెళ్ళగొట్టమన్నది నువ్వే కదా?"

"అనకపోతే నువ్వు నాతో పోట్లాడతావా? ఇక్కడ నేనేమన్నా వీళ్ళు గొర్రెల్లా తలాడిస్తారు సైమీ. నలభై ఏళ్ళుగా నాతో పోట్లాడేవాళ్ళు లేక చస్తున్నా!"

"నాకు దానంగా వచ్చే మంచం అక్కర్లేదు," అన్నది సైమీ. దుప్పటి మడిచి, సంచీ భుజాన వేసుకుంది.

గుమ్మం దగ్గర ఆమె ఆగింది.

"నలభై ఒకటో పాలు గురి తప్పదు," అని తనలో తాను అనుకుని, వెనక్కి వచ్చి, మేకు పీకి కాగితాన్ని కిటికీ వెలుతురుకు పెట్టింది. నోటు పుస్తకంలోంచి కొలబద్ద తీసి, మసి ఉన్న రెండింటిలో పెద్ద రంధ్రాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచింది. అది గుండ్రంగా లేదు. దాని చుట్టూ ఉన్న మసి ఒక వలయం కాదు, ఒకదాన్నొకటి ఒరుసుకున్న రెండు చంద్రవంకలు.

సైమీ సంచీ మంచం మీదికి విసిరేసింది.

"వెళ్ళి ఆ పొయ్యి గొట్టం శుభ్రం చెయ్యి, ఆర్వో. ఈ కాగితంలో నాలుగు గుండ్లున్నాయి, మూడు నావే."