గరిటె పలకని పూట

ఆ ఏటికి ప్రతి ఇంటికీ ఒక సమానపు గరిటె వచ్చి చాలా ఏళ్లయింది. కూరలో ముంచితే చాలు, పిల్లలందరికీ ఒకే ఎత్తున తూచి వడ్డించేది. ఎవరి కంచంలోనైనా ఒక ముక్క ఎక్కువ పడితే "తేడా ఉంది, సరిచేయండి" అని అరిచేది. చేప తలకాయనైనా చెరి సగం కోయాల్సిందే.

అందుకే మంగకు పిన్ని మనసు అంతుపట్టలేదు. అమ్మ పోయాక వచ్చిన సత్తెమ్మ పిన్ని, తన కడుపున పుట్టిన చిట్టికీ మంగకీ ఏనాడూ తేడా చూపలేదు. చూపే వీలుంటేగా! ఈ గరిటే లేకపోతే ఈవిడ నాకేం పెట్టేదోనని మంగ నాలుగేళ్లుగా లోలోపల నలిగిపోతోంది.

ఒక మధ్యాహ్నం కొరమీను పులుసు దించేసరికి గరిటె చార్జింగు అయిపోయింది. మంగ కంచం ముందు బిగుసుకుని కూర్చుంది. సత్తెమ్మ దాన్ని గట్టు మీద చార్జింగుకు పెట్టి, అటక మీది పాత ఇత్తడి గరిటె కడిగి తెచ్చి, తలకాయ మొత్తం మంగ కంచంలో వేసేసింది.

"అమ్మా, నీ కడుపున పుట్టింది నేనా, అక్కనా?" అని చిట్టి గునిసింది.

"నోర్మూసుకుని తోక తినవే. అది తలకాయని ఎముకతో సహా చప్పరిస్తది, నువ్వు పారేస్తావు. వచ్చిన రోజు నుంచీ చూస్తన్నా, ఆ మాయదారి గరిటె వేయనిస్తేగా!"

మంగ తలెత్తకుండా తింది. పులుసు కారమో ఏమో, కళ్లు కారిపోయాయి.

ఇంతలో గట్టు మీద చార్జింగు ఎక్కిన గరిటె కంచాల వంక చూసి, "తేడా ఉంది, సరిచేయండి" అంది.

"మాకు సరిపోయిందిలే," అని మంగ ఎడం చేత్తో దాన్ని బోర్లించింది.