దయ మీట

బస్టాండు గేటు దగ్గరి పోలీసు యంత్రానికి రెండే మీటలు: ఒకటి హక్కు, రెండోది దయ. తనను ఏ నేరానికి ఆపారో చెప్పాలంటూ హక్కు నొక్కిన పాపానికి నాసరయ్య మూడేళ్లుగా ఆ పక్కనే విచారణ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. భార్య సైదమ్మ రోజూ అన్నం క్యారేజీ తెస్తుంది. ఇవాళ యంత్రం ఆమెనూ ఆపింది.

"నాలాగా రూల్సు మాట్లాడమాక. దయ నొక్కి ఇంటికి పో, పిల్లలున్నారు," అన్నాడు నాసరయ్య.

సైదమ్మ చెంపలేసుకుని మరీ దయ నొక్కింది.

"నేరం ఒప్పుకున్నారు, సంతోషం. మీరు వెళ్లొచ్చు," అంటూ యంత్రం గేటు తెరిచింది.

"ఏ నేరం సార్?"

"మీ ఆయనదే. ఇద్దరూ కలిసి చేశారుగా. మీ ఒప్పుకోలుతో ఆయన నేరం రుజువై విచారణా ముగిసింది. రేపటి నుంచి క్యారేజీ తేనక్కర్లేదమ్మా."