బ్యాచ్ బంద్

"రేపటి నుంచి బ్యాచ్‌లుండవు" అని మేనేజర్ అనగానే నా నెత్తురు సలసల మరిగింది.

మర్రిగూడ రోడ్డు మీది మా ఫ్యాక్టరీలో బ్యాక్టీరియాకు చక్కెర పాకం కొద్దికొద్దిగా తాగించి, కోళ్ల దాణాలో కలిపే లైసిన్ తీస్తారు. మూడు రోజులకోసారి ట్యాంకు ఖాళీ చేస్తారు. అప్పుడు లోపలికి దిగి కడిగేది మా పన్నెండు మంది బ్యాచ్.

"ఎట్ల తీసేస్తరు సార్? మేం మనుషులం గామా?" అని టేబుల్ మీద గుద్దాను.

మేనేజర్ పకపకా నవ్వాడు. "మీ బ్యాచ్ కాదయ్యా, ట్యాంకు బ్యాచ్! ఇకమీదట పాకం ఒక పక్క నుంచి పోతూనే ఉంటుంది, సరుకు ఇంకో పక్క నుంచి వస్తూనే ఉంటుంది. నెలల తరబడి ట్యాంకు ఆగదు."

సిగ్గుతో నా తల వంగిపోయింది. ఇన్ని యూనియన్ కరపత్రాలు చదివి, ఇంత చిన్న మాట అర్థం చేసుకోలేదే! బయటికొచ్చి మావాళ్లకు ఆ కొత్త పద్ధతంతా విడమరిచి చెప్పాను. సైన్సుకు భయపడేవాడు కార్మికుడే కాడని గొంతు చించుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మెర్సీ అక్క మాత్రం కొట్టలేదు. పదేండ్ల నుంచి ఆ ట్యాంకు కడుగుతున్నది ఆమె.

"మంచిగ చెప్పినవ్ గని తమ్మీ, ట్యాంకే ఆగకపోతే మనం కడిగేదెప్పుడు?"

చప్పట్లు ఆగిపోయాయి. నేను ఉరికిపోయి ఆఫీసు తలుపును కాలితో తన్నాను.

మేనేజర్ అప్పటికే లోపల గడియ పెట్టుకున్నాడు.