తలూపే స్వామి

“కళ్ళు మూసుకుని వేస్తే బొద్దింక గిన్నెలో పడదు మామా, నీ పంచెలో పడుతుంది,” అన్నాడు జై.

అప్పటికే పడింది. రామ్ చంద్ర పంచె దులుపుకుంటూ వరండా అంతా గెంతాడు. పెళ్ళయిన నాటినుంచి మాంసం ముట్టని మనిషి, ఇప్పుడు రోజూ పూజ కాగానే ఒక గడ్డం బల్లికి బతికున్న బొద్దింకలు వడ్డిస్తున్నాడు. ఆ పాపం తనదా, బల్లిదా అన్నది ఆయనకింకా తేలలేదు.

సబేటోలో టూరిస్టులకు జంతువులను చూపించే తోట మూతపడితే, అక్కడ పనిచేసిన మేనల్లుడు జై గొంతు కింద గడ్డంలా ముళ్ళ తోలున్న ఈ మూరెడు బల్లిని తెచ్చి నటబువాలో మామ ఇంట్లో దించాడు. పొద్దుటి ఎండ, తరిగిన ఆకుకూర, నాలుగు పురుగులు. అంతే దాని సేవ. కానీ వచ్చిన కొద్ది రోజులకే అది రామ్ చంద్రకు స్వామి అయిపోయింది.

భార్య కుంతి తన వెనక నిలబడి బొట్టు దిద్దుకుంటున్న ఒక పొద్దున ఆయన, “కొత్త ఫ్రిజ్ కొనాలా?” అని పైకే అనుకున్నాడు. బల్లి గడ్డం నల్లగా చేసుకుని గబగబా తలూపింది. బల్లి పలికితే మాట నిజమని నాయనమ్మ చెప్పేది. ఈ బల్లికి గొంతు లేదు, తల ఉంది. ఫ్రిజ్ వచ్చింది. సాయంత్రాలు స్నేహితుడు బిజేంద్ర ఇంట్లో యంగోనా వేళ్ళ మత్తు పానీయం తాగడానికి వెళ్ళనా అని అడిగిన రోజు కుంతి చేతులు కట్టుకుని పక్కనే నిలబడింది. స్వామి రాయిలా కూర్చుంది. యంగోనా పోయింది.

“అది తలూపేది ఇంకో మగ బల్లి కనిపిస్తేనే మామా. ఫైటింగ్‌కి రమ్మని.”

“ఈ ఇంట్లో ఇంకో మగ బల్లి ఏదిరా?”

“నువ్వు ఉన్నావు కదయ్యా, గడ్డం గీసుకోకుండా,” అంది కుంతి వంటింట్లోంచి.

“ఉండవే. చెప్పరా జై, ఎవరికి తలూపుతోంది?”

జై తల గోక్కున్నాడు. “అదే నాకూ మాలూమ్ లేదు.”

“మాలూమ్ అయితే స్వామి ఎందుకవుతుంది?”

అంతలో కూతురు మోహిని వచ్చింది. “నానా, ఈ రోజు జవాబు చెప్పాలి. లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.”

వాయినికోరో బడిలో టీచరు ఉద్యోగం. సముద్రం దాటి వేరే దీవి. ఆయన ఇన్నాళ్ళూ “చూద్దాం” అంటూ వచ్చాడు. ఆ ఇంట్లో ఆ మాటకు వద్దనే అర్థం.

“స్వామిని అడుగుదాం.”

“నా బతుకు బల్లి చేతిలో పెడతావా నానా?”

“దేవుడి చేతిలో పెడుతున్నా.”

ఫ్రిజ్ బేరాలకు కూడా దేవుడు వస్తాడా అని ఆయనకు అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. ఈ రోజు మాత్రం రాకపోతే బాగుండుననిపించింది. ఒక్కసారి రాయిలా కూర్చో స్వామీ అని లోపలే మొక్కుకుని, మందారం పెట్టాడు. స్వామి దాన్ని తినేసింది.

కుంతి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆయన వెనక నిలబడి బొట్టు దిద్దుకోసాగింది.

“సరిగ్గా అడుగు. పిల్ల వెళ్ళాలా అని అడుగు. ఉండాలా అని కాదు.”

“రెండూ ఒకటే కదే?”

“స్వామికి తికమక ఎందుకు?”

ఆయన చేతులు జోడించాడు. “స్వామీ, పిల్ల వెళ్ళాలా?”

బల్లి ఒక కన్ను తెరిచింది. గడ్డం బొగ్గులా నల్లబడింది. పూనకం వచ్చినట్టు, ఆయాసం వచ్చేదాకా తలూపింది.

రామ్ చంద్ర కళ్ళు తుడుచుకున్నాడు. “నాకైతే మనసు లేదమ్మా. స్వామి మాట కాదనలేను. వెళ్ళు.”

మోహిని ఫోన్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన బల్లి ముందు సాష్టాంగపడ్డాడు. జై ఇంకో బల్లి కోసం కుర్చీ కింద వెతికాడు.

కుంతి బల్లి వైపు తిప్పి ఉన్న చేతి అద్దాన్ని చెంగులో దాచుకుంది.