గడ్డిదూడ

జిల్లాలో ప్రతి పశువు మెడలోనూ దాని మనసులోది పలికే మాటల డబ్బా కట్టిన ఏడాదే పైడితల్లి గేదెకు పుట్టిన దూడ చచ్చిపోయింది. పాతకాలం పద్ధతిలో ఆమె దాని తోలులో వరిగడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టింది. పొదుగు నిండుగానే ఉంది, గేదె మాత్రం చేపలేదు, చుక్క పాలు వదల్లేదు. "నా బిడ్డ ఏది?" అని డబ్బా వార్తలు చదివే గొంతుతో మూడు రోజులు అడుగుతూనే ఉంది. వినలేక పైడితల్లి డబ్బాకు గుడ్డ చుట్టేసింది.

ఇంట్లో పది రోజుల మనవరాలు గుక్కపట్టి ఏడుస్తోంది. పురిట్లోనే తల్లి పోయిన పిల్ల. వరదకు దారి తెగి ఊళ్లోకి పాలపొడి రావడం లేదు.

నాలుగో నాటి ఉదయం పైడితల్లి ఆ గుడ్డ విప్పి, గేదె కాళ్ల దగ్గర కూలబడింది.

"అబద్దమాడినానే తల్లీ. నీ దూడ నేదు. ఇది గడ్డే. నానేటి సెయ్యాల?"

"గడ్డి అని మొదటి రోజే తెలుసు," అంది డబ్బా. "లోపల ఏడుస్తున్నది ఎవరి బిడ్డ?"

"నా మనవరాలు. తల్లి నేని గుంట."

గేదె కాసేపు నెమరు ఆపింది.

"ఈ గడ్డి తీసెయ్. ఆ బిడ్డను తెచ్చి ఇక్కడ నిలబెట్టు."

పది రోజుల పిల్ల నిలబడలేదని చెప్పడానికైనా ఆగకుండా పైడితల్లి లోపలికి పరుగెత్తింది.